నరం వేలికి దొరుకుతాది

ఒరే నాయనా, ఆ తాటిమట్ట కొంచెం లోపలికి తొయ్యి, పొగంతా ఇటే వస్తంది. నువ్వలాగ దూరంగా కూర్చోకే అమ్మడూ, మంచు పడతంది, దగ్గరికి జరుగు. మీ అమ్మ చెప్పిందిలే. పండగ సెలవులయ్యాక మళ్ళీ హాస్టలుకి వెళ్ళనంటన్నావట. రక్తం తీసీ పోస్టింగు వేశారట, సిరంజి పట్టుకుంటే చేతులు చెమట్లు పడతన్నాయట, ఈ చదువు నాకు పడదని ఏడుస్తన్నావట. మీ నాన్న ధైర్యం చెప్తన్నాడు, మీ మావయ్య ఎగతాళి చేస్తన్నాడు. రెండూ పనికొచ్చీవి కావు. చెప్తే వచ్చీదైతే నాకూ బోల్డుమంది చెప్పారు ధైర్యం, చిటికెడు కూడా రాలేదు. నేను చెప్పీది వేరు. నాకా భయం ఎక్కడుండీదో, అది ఎలగ సర్దుకుందో చెప్తాను. విన్నాక వెళ్తావో మానతావో నీ ఇష్టం.

నాకు చిన్నప్పట్నించీ రక్తం చూస్తే పడదు. మన ఊరి అమ్మోరి పండక్కి మేకపోతుని తెచ్చీసరికి మా మామ్మ కొంగు ముఖమ్మీద కప్పుకునీదాన్ని. ఇంట్లో కోడిని కోసిన రోజు పెరట్లోకి వెళ్ళీదాన్ని కాదు. అలాటి గుంటని నర్సింగుకి ఎందుకు పంపారంటావా? మా అయ్యకి ఆ ఏడు గోగు పంట పోయింది. పది పాసైన ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టి మేపడం కష్టమైంది. టీచరు ట్రైనింగుకి సీటు రాలేదు. నర్సింగైతే హాస్టలిస్తారు, తిండి పెడతారు, నెలకింతని స్టైపెండు చేతిలో పెడతారు. అంతే, లెక్క తేలిపోయింది. మా పెదనాన్న మాత్రం నెల్లాళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. మగవాళ్ళ ఒళ్ళు తుడిచీ ఉద్యోగానికి మన పిల్లని పంపుతావా అని మా అయ్యతో దెబ్బలాట.

అది 1974. అప్పుడు మన చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండీది. 1979లో అటు కొంతా ఇటు కొంతా కలిపి విజయనగరం జిల్లా చేశారు. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మారింది. చీపురుపల్లిలో పాసింజరు ఎక్కి, రేకుపెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని ట్రైనింగుకి వెళ్ళాను. మా పెదనాన్న కోపం సంగతి అలా ఉంచు, మన వేపు ఆడవాళ్ళకి ఆడనర్సు లేకపోతే వైద్యమే లేదు. విజయనగరంలో ఘోషాసుపత్రి ఉంది కదా, పరదా చాటునుండీ ఆడవాళ్ళు మగ డాక్టరుకి చెయ్యి కూడా చూపించరని పెట్టిందది. విశాఖపట్నంలో విక్టోరియా రాణి పేరు పెట్టిన ఆసుపత్రినీ జనం ఘోషాసుపత్రనే అంటారు. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి వచ్చాక పెద్ద రోగమేదొచ్చినా కేజీహెచ్‌కి పరుగు. అక్కడ మంచమ్మీద పడుకున్న పల్లెటూరి ఆడమనిషికి డాక్టరు మాట అర్థమయ్యీది కాదు. మన మాట మాటాడీ నర్సు కనిపిస్తే ప్రాణం లేచొచ్చీది.

సరే, అసలు సంగతికొస్తాను. నీకిప్పుడు సిరంజి కావాలంటే కాయితం చింపడమే, వాడి పారెయ్యడమే. మాకు గాజు సిరంజిలు. బయటి గొట్టం మీదా లోపలి పిస్టను మీదా ఒకటే నంబరు చెక్కి ఉండీది. జత మారిందా, మందు వెనక నించి కారిపోతాది. పొద్దున్నే స్టెరిలైజరులో అడుగున గాజుగుడ్డ పరిచి, చన్నీళ్ళు పోసి, గొట్టం వేరు పిస్టను వేరు పెట్టి మంట వెలిగించీవాళ్ళం. మరుగుతన్న నీళ్ళలో పడేస్తే టప్పున పగులుతాది, హెడ్ నర్సు చేతిలో మన పని అయిపోతాది. నీళ్ళు మరగడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు గడియారం చూసి దించాలి.

సూదులూ మళ్ళీ మళ్ళీ వాడీవే. ప్రతి సూదిలోనూ సన్నటి తీగ దూర్చి లోపల ఎండిన రక్తం తీసీసి, ఆకురాయి మీద మొన నూరి, ఆ మొనని దూది మీద మెల్లిగా గీసి చూసీవాళ్ళం. దూది పోగు పట్టుకు లాగిందంటే మొన వంకర తిరిగిందన్నమాట, మళ్ళీ నూరాలి. ఆ పని స్టూడెంట్లదే. శాంపిళ్ళకి పెన్సిలిన్ సీసాలు కడిగి ఎండబెట్టీవాళ్ళం. పొద్దుట్నించి సాయంత్రం దాకా సూదులతోనే ఉన్నా నాకు వాటంటే ఏ భయమూ లేదు. నూరగలను, కడగగలను, లెక్క రాయగలను. సిరంజిలో ఎర్రగా కనపడాలంతే, నా పని అయిపోయీది.

మొదటిసారి ఒక సిస్టరు రక్తం తీస్తంటే చూడమని మంచం పక్కన నిలబెట్టారు. రోగి జబ్బకి ఎర్ర రబ్బరు గొట్టం బిగించింది, మోచేతి మడత దగ్గర స్పిరిటు రాసింది. అంతవరకూ బాగానే ఉన్నాను. గాజు గొట్టంలోకి ఎరుపు పాకడం మొదలవగానే చెవుల్లో రొద, నోట్లో నీళ్ళూరాయి, ముఖమ్మీద చల్లటి చెమట. కళ్ళు తెరిచీసరికి నేలమీదున్నాను, కాళ్ళ కింద దిండు పెట్టారు. మంచమ్మీది రోగి వంగి చూసి, "పాపం ఈ గుంటకే ముందు సూది వెయ్యండమ్మా" అన్నాడు. వార్డంతా నవ్వు.

ఇక్కడే ఒక మాట విను. ఈ భయం మిగతా భయాల్లాటిది కాదు. కుక్క తరిమిందనుకో, గుండె దడదడలాడతాది, బీపీ పెరుగుతాది, అందుకే పరిగెత్తగలం. కుక్కని చూసి స్పృహ తప్పినవాడు అరుదు. రక్తం చూసినప్పుడు మాత్రం మొదట గుండె వేగం పెరిగి, అంతలోనే దిగిపోతాది. దాంతోపాటు బీపీ పడిపోతాది. తలకి రక్తం చాలక మనిషి కూలిపోతాడు. పడుకోబెట్టి కాళ్ళెత్తితే రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. మనసులో ఎంత ధైర్యమున్నా ఒళ్ళు ఆ పని చేసీస్తాది. పైగా ఇది కుటుంబాల్లో వస్తాదని నీ పుస్తకాల్లోనే ఉంటాది చూడు. నీకు నా దగ్గర్నించే వచ్చి ఉంటాది. పొలమివ్వలేకపోయాను, ఇదిచ్చాను.

ఒంటి నించి వచ్చిన దానికి మందు కూడా ఒంటితోనే చెయ్యాలి. స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ అనే సైకాలజిస్టు 1987లో దీనికో పద్ధతి రాశాడు. చేతులు, కాళ్ళు, పొట్ట కండలు బాగా బిగబట్టి పది పదిహేను సెకన్లు ఉంచాలి. ముఖం వేడెక్కినట్టు అనిపించాక వదలాలి, కొంచెం ఆగి మళ్ళీ బిగించాలి. అలా చేస్తే బీపీ కిందికి జారదు. మా సిస్టరు ట్యూటరు ఈ మాటలు అంతకు ముందెప్పుడో తన సొంతంగా చెప్పీది. ఆవిడ కేరళ మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చీది. ఖాళీ కడుపుతో వార్డుకి రావద్దు. మోకాళ్ళు బిగించి కొయ్యలా నిలబడొద్దు. మడమలు నేలకి నొక్కు, పిడికిలి బిగించు, పొట్ట బిగించు. మాలాటి పల్లెటూరి పిల్లల్ని చూసి, "చోడంబలి తాగి రా, తర్వాత సూది పట్టు" అనీది. హాస్టల్లో అంబలెక్కడిది, ఉప్మా తిని వెళ్ళీవాళ్ళం.

దాంతో పడిపోవడం ఆగింది. సూది మాత్రం ఇంకా పట్టలేదు నేను. అప్పుడావిడ ఒక పని చేయించింది. సాయంత్రం హాస్టలు వరండాలో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కళ్ళకీ తువ్వాలు కట్టి, పక్కపిల్ల జబ్బకి రబ్బరు గొట్టం బిగించి, నరం వెతకమనీది. సూదీ లేదు, రక్తమూ లేదు, చూపుడువేలు ఒక్కటే. మోచేతి మడతలో వేలు పెట్టి నొక్కి వదులుతంటే మొదట అంతా ఒకటే మాంసం. రానురాను తేడా తెలిసింది. గట్టిగా, కదలకుండా తగిలీది కండర తాడు, దాని జోలికి వెళ్ళకూడదు. టకటకా కొట్టుకునీది ధమని, దాని జోలికి అసలే వెళ్ళకూడదు. నరం అలా కాదు. నీళ్ళు నింపిన సైకిలు వాల్‌ట్యూబు తెలుసు కదా, నొక్కితే మెత్తగా దిగి, వదలగానే వేలిని పైకి తోస్తాది. అచ్చం అలాగే ఉంటాది. రోజూ వెతికి వెతికి, తువ్వాలు కట్టుకునే ఇది ఫలానా పిల్ల చెయ్యని చెప్పీసీ స్థితికి వచ్చాం.

ఆ వరండాలో నాకు తెలిసింది ఒక్కటే. కంటికి కనిపించీ నరం అంతా మంచి నరం కాదు. బక్కచేతుల మీద నీలంగా ఉబ్బి ఊరిస్తాది, సూది తగలగానే పక్కకి జారిపోతాది. లావుచేతుల్లో కంటికి ఏమీ ఆనదు, వేలికి మాత్రం లోతుగా, నిబ్బరంగా దొరుకుతాది. మరి నా భయమంతా ఎక్కడుంది? కంట్లో ఉంది. పని ఎక్కడుంది? వేలికొసన ఉంది. వేలు పనిలో ఉన్నంతసేపూ కంటికి పెద్ద పని లేదు.

మొదటిసారి నేను రక్తం తీసింది నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసీ మనిషికి. నార పట్టి పట్టి చేతులు కాయలు కాసిపోయాయి. ఆ రబ్బరు గొట్టం, అదే టూర్నికే, కట్టి, వేలుతో వెతికి, నరం దారి మనసులో గీసుకున్నాను. ఎడమ బొటనవేలితో కింద చర్మం లాగి పట్టుకున్నాను, అలా పట్టుకుంటే నరం జారదు. సూది చెక్కు పైకి ఉండాలి, చర్మానికి బాగా ఏటవాలుగా దించాలి. చర్మం దాటినప్పుడు ఒకసారి, నరం గోడ దాటినప్పుడు ఇంకోసారి సన్నగా ఒక వదులు తెలుస్తాది వేళ్ళకి. ఆ రెండో వదులు తెలిసిందంటే లోపలున్నావన్నమాట, ఇంక ముందుకి తొయ్యకు. పిస్టను నెమ్మదిగా లాగాలి, గుంజితే రక్తకణాలు పగిలి శాంపిలు పాడైపోతాది. సూది తీసీ ముందు టూర్నికే వదిలెయ్యాలి, లేదంటే రక్తం చర్మం కిందికి చేరి కమిలిపోతాది. దూది పెట్టి చెయ్యి చాపి నొక్కి పట్టుకోమనాలి, మడవమనకూడదు.

ఇదంతా నేను చేస్తంటే ఆ మనిషి ఒకటే ప్రశ్నలు. "అమ్మా, ఇదంతా ఏటి సేస్తారు?" అన్నాడు. పరీక్ష చేస్తారన్నాను. "మరి నాకేటి మిగల్తాది?" అన్నాడు. నీ ఒంట్లో అయిదు లీటర్లుంటాది బాబూ, నేను తీసింది ఒక చెంచాడు అన్నాను. "ఓలమ్మ, సెంచాడేనా! ఇందాకట్నించి నా పేనం ఎల్లిపోతందనుకున్నాను" అని నవ్వీశాడు. సమాధానం చెప్పడంలో పడి నేను పొట్ట బిగించడం కూడా మర్చిపోయాను. ఏమీ కాలేదు.

ఒరే, ఆ మంట కొంచెం ఎగదొయ్యి. అసలు కథ ఇప్పుడు వస్తంది, ఫైలేరియా రాత్రుళ్ళు.

మన సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోదకాలు లేని వీధి ఉండీది కాదు. చీర కుచ్చెళ్ళ కింద దాచుకున్న కాలు, పంచె కింద దాచుకున్న వరిబీజం. పెళ్ళిచూపులకొస్తే పిల్ల ముఖం కంటే ముందు కాళ్ళు చూసీవారు. 1955లో దేశమంతా ఫైలేరియా కార్యక్రమం మొదలెట్టారు. ఆ జబ్బుకి రక్తం పగలు తీస్తే ఏమీ దొరకదు, అదే దాని మాయ. ఆ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టీ వేళకి పైకి వస్తాయి. పది నించి రెండింటి మధ్య మరీ ఎక్కువ. చైనాలో అమోయ్ అనే ఊళ్ళో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లాండు డాక్టరు 1870ల్లో ఈ రాత్రి గుట్టు కనిపెట్టాడు. అంచేత ఊరు భోజనాలు చేసి పడుకునీ వేళకి మేం బయల్దేరీవాళ్ళం.

మా కమ్యూనిటీ పోస్టింగులో ఆ టీముతో మమ్మల్ని పంపారు. హరికేను లాంతరు, స్లైడ్ల పెట్టె, స్పిరిటు సీసా, దూది, చిన్న సూదులు. భోగాపురం వేపు ఒక చేపలవాళ్ళ ఊరికి వెళ్ళాం. అది ఎమర్జెన్సీ కాలం, 1976. రాత్రిపూట సర్కారు మనుషులు లాంతర్లు పట్టుకొస్తే ఏటనుకుంటారు? కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి పట్టుకెళ్ళిపోతారనుకున్నారు. మేం వీధిలో అడుగుపెట్టీసరికి కుక్కలన్నీ ఒకటే మొరుగుడు, తలుపులన్నీ మూతపడ్డాయి. మగవాళ్ళంతా ఇసకలోకి లగెత్తి తెప్పల చాటున పడుకున్నారు. మా టీము ఇన్‌స్పెక్టరు ఎంత చెప్పినా ఒక్క మనిషి బయటికి రాడు.

ఆఖరికి ఒక ముసలామె తలుపు తీసి, చుట్ట నోట్లో పెట్టుకునే వచ్చి, అరుగు మీద కూర్చుంది. "నా సెయ్యి తీసుకోండి. నాకింక ఆపరేసనేటి సేస్తారు?" అంది. చీకట్లో తలుపుల వెనక నించి నవ్వులు వినపడ్డాయి. ఆమె చెయ్యి నా చేతిలో పెట్టింది. చేపలు కోసి, ఉప్పు రాసి, ఎండబెట్టీ చెయ్యి, వేళ్ళన్నీ బిరుసెక్కిపోయాయి. ఆ వేళ్ళని ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంటూ వెళ్ళాను. ఉంగరం వేలికి ఒక పక్క మెత్తగా తగిలింది. అక్కడ పొడిచి నొక్కితే చుక్క ఉబికింది. లాంతరు వెలుతుర్లో అది ఎర్రగా లేదమ్మడూ, నల్లగా ఉంది. సిరా చుక్కో, కాటుకో అన్నట్టుంది. అంత చిన్న వయసు నించి నన్ను పడగొట్టిన రంగు ఆ రాత్రి కనపడనే లేదు.

ముసలామె చుట్ట తీసి, "అయిపోనాదా? ఇంతేనేటి?" అని వీధంతా వినపడీలా అరిచింది. ఒక్కో తలుపే తెరుచుకుంది. తెప్పల చాటు నించి మగవాళ్ళు ఇసక దులుపుకుంటూ వచ్చారు. చంకలో పసిపిల్లలతో తల్లులు వచ్చారు. వణికీ చేతులు వరసగా నా ముందు. అర్ధరాత్రి దాకా వాళ్ళతో మాటాడ్డమే నా పని. భయపడకు అని ఎవరికీ చెప్పలేదు నేను, అలా అంటే భయపడాల్సినదేదో ఉందనుకుంటారు. ఇప్పుడు స్పిరిటు రాస్తాను, చల్లగా ఉంటాది. ఇప్పుడు పొడుస్తాను, చురుక్కుమంటాది. ఇంక అయిపోయింది, దూది పట్టుకో. ఏది చేస్తానన్నానో అదే చేశాను, అంతకంటే ఎక్కువ చెయ్యలేదు. ఎదుటివాళ్ళ భయానికి జవాబు చెప్పుకుంటూ పోతంటే నా భయాన్ని పలకరించీ తీరిక దొరకలేదు.

ఒక్కో స్లైడు మీదికి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం, అంటే ఒక్క చుక్క. మర్నాడు ఆరిన స్లైడుని నీళ్ళలో పెడితే ఎరుపంతా దిగిపోతాది. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి టెక్నీషియను నన్ను పిలిచి చూపించాడు. సన్నటి వంకర్లు తిరిగిన పురుగు, దాని చుట్టూ పల్చటి తొడుగు. నేను రాత్రి లాంతరు కింద తీసిన చుక్కే అది! ఇంక నాకు కళ్ళు తిరగడమెక్కడ, ఇంకో స్లైడు, ఇంకో స్లైడు అని అడుగుతూ కూర్చున్నాను. పురుగు కనపడ్డవాళ్ళ ఇళ్ళకి వెతుక్కుంటూ వెళ్ళి హెట్రజాన్ మాత్రలిచ్చి వచ్చారు. 2004 నించి కొన్నేళ్ళు ఏడాదికోసారి ఊరందరికీ ఆ మందే పంచారు, మీ బళ్ళో కూడా వేసుంటారు కదరా.

మలేరియా సంగతి ఇంతలా సాగదియ్యనులే. ఉద్యోగమొచ్చాక కొన్నాళ్ళు సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వేపు ఏజెన్సీలో చేశాను. కొండ మీది సవర గూడేలకి నడిచి వెళ్ళడం, జ్వరమున్న ప్రతివాళ్ళకీ వేలు పొడిచి స్లైడు తియ్యడం, క్లోరోక్విను మాత్రలు అక్కడే మింగించడం. మలేరియా పనివాళ్ళది ఖాకీ బట్ట. శ్రీకాకుళం గిరిజన పోరాటం, పోలీసు క్యాంపులు చూసి ఎన్నాళ్ళో కాని ఊళ్ళవి. ఖాకీ కనపడితే గూడెం ఖాళీ. మా తెల్లచీరలు ముందు నడిచీవి, ఖాకీలు వెనకాల. వాళ్ళ భయానికీ కారణముందని తెలిస్తే కసురుకోవాలనిపించదు.

తర్వాత భయం ఇంకో వేషంలో వచ్చింది. 1986లో మన దేశంలో మొదటిసారి ఎయిడ్స్ వైరసుని మద్రాసులో కనుక్కున్నారు. ఆ కబురు మన వార్డుల దాకా వచ్చీసరికి కొన్నేళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం సూది నూరిన వేళ్ళన్నీ తడుముకున్నాం. ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో ఎవరికి గుర్తు? గాజు సిరంజిలు పోయి వాడి పారేసీవి వచ్చాయి, గ్లవుసులు వచ్చాయి, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దన్న రూలు వచ్చింది. ఈ భయాన్ని మాత్రం నువ్వు పోగొట్టుకోకు. కళ్ళు తిరిగీ భయాన్ని ఒంటితో అదుపు చెయ్యి, సూది గుచ్చుకుంటాదేమోనన్న భయాన్ని ఉద్యోగమున్నంత కాలం దగ్గర పెట్టుకో. మూత పెట్టబోయీ ప్రతిసారీ చెయ్యి పట్టి ఆపీది అదే.

నా సర్వీసు ఆఖర్లో ఉద్దానం వేశారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటలు, ఎటు చూసినా పచ్చదనం. ఆ నీడలో కిడ్నీ జబ్బు. మామూలుగా సుగరో బీపీయో ఎన్నాళ్ళో ముదిరితే గాని కిడ్నీలు పాడవ్వవు. అక్కడ అవేమీ లేని రైతులకీ, కూలీలకీ వస్తాది. శ్రీలంకలో వరి పండించీ ఉత్తర మధ్య ఊళ్ళలోనూ, మధ్య అమెరికాలో చెరుకు నరికీవాళ్ళలోనూ ఇలాటిదే ఉందంటారు. నీళ్ళా, ఎండా, మందులా, ఏది కారణమో ఎంతమంది వచ్చి చూసినా ఇదమిత్థంగా తేలలేదు. అది లోపల తినేస్తన్నంతసేపు మనిషికి నొప్పి ఉండదు. తెలిసీ దారి రక్తం తీసి క్రియాటినిన్ చూడ్డం. ఒకటికి అటూ ఇటూ ఉంటే బతికాడు. ఆ ఊళ్ళలో టీ దుకాణం దగ్గర పంట ధర అడిగినట్టే నీకెంతొచ్చిందని అడుగుతారు. నాలుగు, ఆరు, తొమ్మిది. అంకె వింటే చాలు, ఆ ఇంట్లో ఏం జరగబోతందో అందరికీ తెలుసు.

అక్కడ నా వేలు ఇంకో పని నేర్చుకుంది. ఒక కొబ్బరిచెట్లెక్కీ మనిషి ఉండీవాడు, నలభై దాటలేదు. ముంజేతుల మీద నరాలు పొంగి ఎక్కడ పొడిచినా దొరికీలా ఉండీవి. నేను మాత్రం అరచేతి వెనక సన్నటి నరం కోసం వెతికీదాన్ని. "ఎదురుగా అంత నరముంటే అక్కడెందుకమ్మా తంటాలు?" అన్నాడు. ఆ ముంజేతి నరాలు నువ్వు దాచుకోవాలి నాయనా అన్నాను. ఎందుకంటే రేపు డయాలసిస్ దాకా వస్తే ఆ నరాన్నీ ధమనినీ కలిపి కుట్టి ఫిస్టులా చెయ్యాలి. మనం ముందే పొడిచి పొడిచి పాడుచేస్తే ఆ రోజు అతనికి దారుండదు.

చేసిన ఫిస్టులా మీద వేలు ఆనించి చూస్తే లోపల జుమ్మని మోగుతాది, అది మోగినంత కాలం బాగున్నట్టు. ఆ చేతికి టూర్నికే కట్టకూడదు, బీపీ చూడకూడదు, శాంపిలు తియ్యకూడదు. అప్పట్లో చాలామంది డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా వెళ్ళొచ్చీవారు. తెల్లవారుజామున రైలెక్కితే ఇల్లు చేరీసరికి రాత్రి. నేను రిటైరయ్యాక ఎన్నో ఏళ్ళకి, 2023 డిసెంబరులో, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. అలాటి చోట నువ్వు ఉద్యోగం చేస్తావని నా ఆశ. చెయ్యకపోయినా పరవాలేదు, నీ బతుకు నీది.

వెళ్తే మాత్రం ఇవి గుర్తుపెట్టుకో. టిఫిను తిని వెళ్ళు. రోగిని కూర్చోబెట్టో పడుకోబెట్టో తియ్యి, నిలబెట్టి తియ్యకు, పడిపోయీది నువ్వొక్కదానివే అనుకోకు. నువ్వు కూడా కుర్చీ లాక్కుని కూర్చో. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించు. నీకు ఎర్ర మూత, ఊదా మూత, బూడిదరంగు మూత గొట్టాలన్నీ ముందే వరసగా పెట్టుకో, మధ్యలో తడుముకోకు. టూర్నికే నిమిషం దాటనివ్వకు. వేలుతో వెతుకు, దొరికిందాకా సూది మూత తియ్యకు. రెండుసార్లు పొడిచినా రాలేదా, ఆగిపో, ఇంకొకరిని పిలువు. ఎంత తలపండిన సిస్టరైనా అలాగే చేస్తాది, చెయ్యాలి కూడా. అవతలివాడి చెయ్యి మన పంతానికి పలక కాదు.

ఏటిరా, నవ్వుతన్నావు? నాకిప్పుడు రక్తమంటే భయం లేదా అనా? ఎందుకు లేదు, ఉంది. నెలనెలా సుగరు పరీక్షకి వెళ్తాను కదా, ఆ ల్యాబులో ఒక గుంటడున్నాడు. చెవికి ఫోను ఆనించుకుని, వేలు పెట్టి వెతక్కుండా కంటితో చూసి పొడిచీస్తాడు. వాడు సూది పట్టుకొస్తంటే మీ అమ్మమ్మ ఇప్పటికీ రెండు పిడికిళ్ళూ, పొట్టా బిగబట్టుకుని కూర్చుంటాది!